గుర్రుమన్న సాక్షి

పోలరాజు జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో గ్రైండింగ్ పని చేసేవాడు. ఏడాది పొడుగునా నల్లద్దాలు పెట్టుకుని నిప్పురవ్వల మధ్య తల వంచుకుని నిలబడే మామూలు మనిషి. దసరా రోజుల్లో మాత్రం అతను పులి. బారిడీహ్ పక్కన ఉన్న తెలుగువాళ్ల బస్తీలో పులివేషమంటే పోలరాజుదే. విజయనగరం దగ్గరి పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తండ్రి, ట్రంకు పెట్టెలో బట్టలకంటే భద్రంగా కాగితపు గుజ్జుతో చేసిన పులితల ఒకటి తెచ్చుకున్నాడు. పదిహేడో ఏట ఆ తల పోలరాజు నెత్తికెక్కింది. 2001 దసరా నాటికి అతనికి నలభై ఎనిమిదేళ్లు.

ముప్పై ఏళ్లు ఆడినా అతనికి ఒక వెలితి ఉండిపోయింది. తన పులిని చూసి ఎవరూ భయపడలేదు. పిల్లలు వెంటపడి తోక లాగేవారు. సాక్చి బజారులో షాపులవాళ్లు నవ్వుతూ నోట్లో లడ్డూ పెట్టేవారు. పులి లడ్డూ తినడమేమిటని అతనికి లోపల చిన్నతనంగా ఉండేది. కానీ లడ్డూ బాగుండేది, తినేవాడు.

గోడవతల ఇల్లు వరహాలమ్మది. అరవై దాటిన మనిషి, మొగుడు పోయాడు, పాతిక కోళ్లు పెంచుకుని గుడ్లమ్మి బతుకుతోంది. బస్తీ అంతా ఆమెను వరాలప్ప అనేది. అంతకు ముందు ఏడు పులి ఆడి వస్తుంటే జల్లు పడి పోలరాజు రంగులు కారిపోయాయి. కుళాయి దగ్గర బిందెలు పట్టుకు నిలబడ్డ పది మందిలో వరహాలమ్మ అంది, “పులేటి, వానకి తడిసిన పిల్లినాగ ఉన్నాడు.” అందరూ నవ్వారు. పోలరాజుకు ఒళ్లు మండి, ఆమె అమ్మే గుడ్లలో సగం మురిగిపోయినవేనని అన్నాడు. అది అబద్ధం. వరహాలమ్మ బిందె కింద పెట్టి, “నోరు ముయ్, నేపోతే నీ బుర్ర బద్దలుకొట్టి సంపేత్తాను,” అంది. ఆ రోజు నుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

2001 దసరాకు వారం ముందు దల్మా కొండల నుంచి చిరుత దిగిందని పుకారు పుట్టింది. నది ఒడ్డున రెండు మేకలు పోయాయి. అటవీశాఖ జీపు మైకు పెట్టుకుని బస్తీలన్నీ తిరిగి, ఒంటరిగా బయటికి వెళ్లొద్దని చెప్పింది. పోలరాజు ఆ వార్త విని తలూపి తన పనిలో పడ్డాడు. ఆ ఏడు అతను పంతం మీద ఉన్నాడు. తల మీద కొత్త రంగులు వేయించాడు, మేక వెంట్రుకలతో మీసాలు కుట్టించాడు, తోకలో తీగ పెట్టించాడు. వాన పడ్డా కారని వార్నీషు తెప్పించాడు.

విజయదశమి నాడు తెల్లవారేసరికి ఒంటి మీద చారలు గీయడం పూర్తయింది. గీసిన ఆదిబాబు టీ తాగడానికి వెళ్లాడు. బయట మంచు పట్టి ఉంది, మనిషికి మనిషి సరిగా కనబడని వెలుతురు. తోక ఎలా ఊగుతుందో చూసుకుందామని పోలరాజు తల పెట్టుకుని, నాలుగు కాళ్ల మీద వెనక సందులోకి వెళ్లాడు. మెల్లగా, భుజాలు ఒకటొకటిగా లేపుతూ, తండ్రి నేర్పినట్టు నడుస్తున్నాడు. అప్పుడే వరహాలమ్మ కోళ్ల గూడు తెరవడానికి వచ్చింది. గూటి తలుపుకు అడ్డంగా పెట్టే ఇనప కడ్డీని లాగి చేతిలో పట్టుకుంది. వెనక అలికిడి విని తిరిగింది.

“ఎవులది?” అంది. పోలరాజు ఆగాడు. “ఎవులది? పలకండి,” అని మళ్లీ అంది.

పులితల కన్నాల్లోంచి అతనికి ఆమె ముఖం కనబడింది. ఆ కళ్లు పెద్దవయ్యాయి, నోరు తెరుచుకుంది, గడ్డం వణికింది. ముప్పై ఏళ్లలో ఒక్కరి ముఖం మీదా అతను చూడనిది అక్కడ ఉంది. దాన్ని చూసి అతని గుండె పొంగిపోయింది. ఆ పొంగులో ఏం చేస్తున్నాడో తెలియక, కడుపులోంచి లాగి గుర్రుమన్నాడు. కడ్డీ వచ్చి నెత్తి మీద పడింది.

తరవాత జరిగింది అతని భార్య చిన్నమ్మి చెప్పగా తెలిసింది. వరహాలమ్మ నీళ్ల డ్రమ్ము మీదికెక్కి పులి పులి అని బస్తీ అంతా లేపేసిందట. జనం కర్రలతో వచ్చి తల ఊడదీస్తే కింద పోలరాజు. మనిషిరా, మన పోలరాజేరా అని ఎంత చెప్పినా ఆమె చాలాసేపు డ్రమ్ము దిగలేదట.

ఆస్పత్రిలో డాక్టరు, గాయం ఎక్కడ మొదలైందో, గీత ఎక్కడ ముగిసిందో పోల్చుకోలేక, ముందు కిరసనాయిలుతో తుడిపించాడు. వార్నీషు అంత తొందరగా వదిలే రకం కాదు. పద్నాలుగు కుట్లు పడ్డాయి. పండగ పూట మంచం మీద పసుపు, నలుపు చారలతో పడుకున్న పోలరాజును చూడడానికి పక్క వార్డుల నుంచి రోగులు సెలైను సీసాలు చేత్తో పట్టుకుని వచ్చారు. బయట డప్పులు మోగుతుంటే అతను కళ్లు మూసుకున్నాడు. పండగ పోయింది. తల పగిలింది. ఎవరి వల్ల అంటే వరహాలమ్మ వల్ల. ఆ సమయంలో ఇన్‌స్పెక్టరు వచ్చి, ఆమెకూ నీకూ ఏమైనా గొడవలున్నాయా అని అడిగాడు. పోలరాజు కుళాయి దగ్గరి మాట చెప్పాడు. కొట్టేటప్పుడు నువ్వని ఆమెకు తెలుసా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

“తెలుసు సార్. గుర్తుపట్టే కొట్టింది,” అన్నాడు పోలరాజు.

ఆ ఒక్క మాటతో కేసు మూడు వందల ఏడో సెక్షను కింద, అంటే హత్యాయత్నం కింద మారింది. డ్రమ్మెక్కి అరవడం నాటకమని పోలీసులు రాసుకున్నారు. వరహాలమ్మ నలభై రోజులు జైల్లో ఉంది. బెయిలు ఇచ్చేటప్పుడు, తీర్పు వచ్చేదాకా పోలరాజుతో గానీ అతని ఇంట్లోవాళ్లతో గానీ ఒక్క మాట మాట్లాడకూడదని కోర్టు షరతు పెట్టింది.

ఆ నలభై రోజులూ కోళ్లకు నూకలు వేసింది చిన్నమ్మి. ఆ రోజుల్లో తమ ఇంట్లో గుడ్ల కూర ఎందుకు ఎక్కువైందని పోలరాజు అడగలేదు. తిన్నాడు. ఒక రోజు చిన్నమ్మి కంచంలో గుడ్డు వేస్తూ, “అయితే, నిజంగా నిన్ను గుర్తుపట్టిందేటి?” అంది. పోలరాజు కంచం పక్కకు జరిపాడు. నీళ్లు తాగి, తల నొప్పిగా ఉందని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

విచారణ మొదలవడానికి రెండేళ్లు పట్టింది. 2003 ఆగస్టులో సాక్చిలోని కోర్టుకు పోలరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. ప్రభుత్వం తరపు వకీలు వయసు మళ్లిన బిహారీ పెద్దమనిషి. వరండాలో నిలబెట్టి కేసంతా హిందీలో విడమర్చి చెప్పాడు. కొట్టిందన్నదాంట్లో గొడవ లేదు, ఆమే ఒప్పుకుంటోంది. కొట్టింది నెత్తి మీద, ఇనప కడ్డీతో, చనిపోయి ఉండేవాడివే. మిగిలింది ఒక్కటే: ఆమె మనసులో ఏముంది? మనిషని తెలిసి కొట్టిందా, జంతువనుకుని కొట్టిందా? మనసును పట్టుకొచ్చి కోర్టు బల్ల మీద పెట్టలేం గనక చుట్టూ ఉన్న వాటి నుంచి పోల్చుకోవాలి. పాత పగ ఉంది, చంపుతానన్న మాట ఉంది, నీ మాట ఉంది. నీకు తెలిసింది చెప్పు, ఎక్కువా వద్దు తక్కువా వద్దు అన్నాడు. ఆ చివరి మాట పోలరాజుకు నచ్చలేదు.

వరహాలమ్మ తరపున వాదించేది మనస్వి అనే అమ్మాయి. ఊళ్లోనే పుట్టి పెరిగిన తెలుగు ఇంజనీరుగారి కూతురు, ఇరవై ఏడేళ్లుంటాయి. సెషన్సు కోర్టులో ఆమెకిదే మొదటి కేసని బంట్రోతు చెబుతుంటే విని, పోలరాజు కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు.

బోనులోకెక్కి, ప్రభుత్వ వకీలు అడిగినవాటికి వరసగా జవాబులు చెప్పాడు. కుళాయి, పిల్లి అన్న మాట, చంపుతానన్న మాట, కడ్డీ. నిన్ను గుర్తుపట్టిందా అని అడిగినప్పుడు, పోలీసులకు ఏం చెప్పాడో అదే అన్నాడు. వరహాలమ్మ ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉంది. సన్నబడింది. ఆమె అతన్ని కోపంగా చూస్తుందనుకున్నాడు గానీ, ఆమె అతని నెత్తికేసే చూస్తోంది.

మనస్వి లేచి, కేసులో భాగంగా దాచిన పులితలను తెప్పించమంది. గుమాస్తా లక్క ముద్రలు ఊడదీసి, గుడ్డ సంచిలోంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. పోలరాజు దాన్ని చూసి రెండేళ్లయింది. ఒక చెవి విరిగింది, నుదురు లోపలికి పోయింది, మీసాల్లో సగం పురుగు తినేసింది. గుమాస్తా దాన్ని తలకిందులుగా పెట్టాడు. పోలరాజు ఉండబట్టలేక, అలా కాదు, గడ్డం కిందికి రావాలి అన్నాడు. జడ్జిగారు చూపించమన్నారు. పోలరాజు దాన్ని చేతుల్లోకి తీసుకుని మెల్లగా తిప్పి పెట్టాడు. పురుగుల పొట్టు చొక్కా అంచుతో తుడిచాడు.

ఈ తల ఎవరు చేశారని మనస్వి అడిగింది. అతను చెప్పాడు. ఒంటి మీద చారలు ఎలా గీస్తారని అడిగింది. రాత్రంతా రెండు కర్రల మీద చేతులు ఆన్చి, రంగు ఆరేదాకా కదలకుండా ఎలా నిలబడాలో అతను వివరంగా చెప్పాడు. పులి నడక ఎన్నాళ్లకు వస్తుందని అడిగింది. తనకు పదకొండేళ్లు పట్టిందని, భుజం ముందు లేవాలి, నడుము ఆ తరవాత రావాలి అని, బోనులో ఉన్నంత చోటులోనే చేసి చూపించాడు. కోర్టులో వాయిదాల కోసం కూర్చున్నవాళ్లు ముందుకు వంగారు. ఇదంతా కేసుకు ఏం సంబంధమని ప్రభుత్వ వకీలు అడ్డుపడ్డాడు. చూద్దాం అన్నారు జడ్జిగారు; ఆయన కూడా ముందుకే వంగి ఉన్నారు.

అప్పుడు మనస్వి, ఆ తెల్లవారుజామున వరహాలమ్మ మిమ్మల్ని ఏమైనా అడిగిందా అంది.

“ఎవరది అంది.”

ఎన్నిసార్లు?

“రెండుసార్లు.”

మీరేమన్నారు?

పోలరాజు పులితలకేసి చూశాడు. ఇంతసేపూ ధారాళంగా వచ్చిన హిందీ అతనికి ఒక్కసారిగా రాకుండా పోయింది. “పులి మాటాడతాదేటమ్మా?” అన్నాడు తెలుగులో.

మనస్వి పుస్తకాల తెలుగు నేర్చిన మనిషైనా ఆమెకు ఆ మాట అర్థమైంది. జడ్జిగారు ఏమన్నాడని అడిగారు. పోలరాజే హిందీలోకి మార్చి, బాఘ్ బోల్తా హై క్యా హుజూర్ అన్నాడు. వెనక బల్లల మీద నవ్వులు లేచాయి. పోలరాజు నవ్వలేదు.

మాట్లాడలేదు సరే, మరేం చేశారు అని ఆమె అడిగింది.

“గుర్రుమన్నాను.”

ఎందుకు?

ఆ ప్రశ్నకు జవాబు అతని దగ్గర రెండేళ్లుగా ఉంది. ఎవరికీ చూపించకుండా దాచుకున్నాడు. వర్క్‌షాపులో చక్రం ముందు నిలబడ్డప్పుడు, ఆదివారం మధ్యాహ్నాలు మంచం మీద పడుకున్నప్పుడు ఆ ముఖాన్ని మళ్లీ మళ్లీ తలచుకుని మురిసిపోయాడు. అలా మురిసిపోతున్నప్పుడల్లా, ఆ ముఖం గల మనిషిని తానే జైలుకు పంపానన్నది కూడా పక్కనే వచ్చి కూర్చునేది. గుర్తుపట్టింది అని ఇప్పుడు మళ్లీ అంటే, తనను చూసి భయపడ్డ ఒకే ఒక్క మనిషి భయపడలేదని తన నోటితో తానే చెప్పినట్టు. అన్నిటికంటే, అది అబద్ధం.

“వరాలప్ప నన్ను సూడలేదమ్మా,” అన్నాడు. “పులినే సూసింది. ఆ కళ్లు నాను సూసేను. ముప్పైయేళ్లు ఆ సూపుకోసవే ఆడేను. అది నాటకం కాదు. నాటకం ఏటో నాకు తెల్దా?”

తరవాత అదే మాట హిందీలో, ముక్కలు ముక్కలుగా జడ్జిగారికి చెప్పాడు. ప్రభుత్వ వకీలు లేచి, సాక్షి ఎదురు తిరిగాడని రాయమన్నాడు. జడ్జిగారు చేత్తో వారించి తామే అడిగారు: కొట్టేటప్పుడు అక్కడున్నది నువ్వని ఆమెకు తెలుసా? తెలియదు హుజూర్. మరి పోలీసులకు అలా ఎందుకు చెప్పావు? కోపం హుజూర్, దసరా పోయిందన్న కోపం. ఆ కోపానికి ఒక ముసలామె నలభై రోజులు జైల్లో ఉందని జడ్జిగారు గట్టిగానే మందలించారు. పోలరాజు తల వంచుకుని నిలబడ్డాడు. వెనక బల్ల మీద చిన్నమ్మి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ రోజు ఇంటికెళ్లాక ఆమె కోడికూర వండింది.

రెండు వారాల తరవాత వాదనలు జరిగాయి. పోలరాజు పనికి సెలవు పెట్టి వెళ్లి విన్నాడు. ప్రభుత్వ వకీలు ఊరికే వదిలే మనిషి కాదు. ఏటేటా పులివేషం చూసే మనిషి, దసరా నాడు పులిని చూస్తే వేషమని అనుకోవాలి కదా అన్నాడు. చట్టం మంచి మనసుతో పొరబడ్డవాళ్లనే క్షమిస్తుంది, చూసుకోకుండా పొరబడ్డవాళ్లను కాదన్నాడు. పైగా పుకారు చిరుత గురించి. చిరుతకు మచ్చలుంటాయి, ఈ పులికి చారలున్నాయి. ఆ మాట పోలరాజుకు కూడా సబబుగానే తోచి, కొంచెం భయపడ్డాడు.

మనస్వి లేచింది. పొరబాటని రుజువు చేసుకోవలసిన భారం తమ మీదే ఉందని ఒప్పుకుంది. అయితే అది అనుమానానికి తావులేనంతగా అక్కర్లేదు, అదే ఎక్కువ నమ్మదగ్గదిగా తోస్తే చాలునంది. కడ్డీ చంపడానికి తెచ్చింది కాదు, గూడు తెరవడానికి తీసింది. ఎవరని అడిగింది, రెండుసార్లు అడిగింది. మంచులో ఒక ముసలామె అంతకంటే చూసుకోవడమంటే ఏమిటి? జవాబుగా వచ్చింది గుర్రు. ఇక చంపుతానన్న మాట సంగతి. కుళాయి దగ్గర అన్న మాటలన్నీ నిజంగా ఉద్దేశాలే అయితే జంషెడ్‌పూర్ బస్తీల్లో ఈపాటికి ఒక్క మనిషీ మిగిలి ఉండేవాడు కాదంది. జడ్జిగారు కాగితం మీద ఏదో రాసుకుంటూ నవ్వు దాచుకోవడం పోలరాజు చూశాడు.

తీర్పు సెప్టెంబరు మొదట్లో వచ్చింది. పోలరాజు చనిపోయి ఉంటే ఇది హత్య అయ్యేదా అన్నదే ఈ కేసులో ప్రశ్న అని జడ్జిగారు చదివారు. మనిషిని చంపాలని అనుకోవాలంటే, ముందు అక్కడ మనిషి ఉన్నాడని తెలియాలి. తెలియదని చెప్పడానికి దెబ్బ తిన్నవాడికంటే మంచి సాక్షి ఉండడు. నాలుగడుగుల దూరంలో పులి గుర్రుమంటే మచ్చలా చారలా అని లెక్కపెట్టుకుని నిలబడమని ఏ చట్టమూ చెప్పదు. ప్రాణం కాపాడుకోవడానికి నిజం పులిని కొట్టినా నేరం కానప్పుడు, పులి అని నమ్మి కొట్టినదీ నేరం కాదు. వరహాలమ్మను విడుదల చేశారు.

కోర్టు బయట మనస్వి మెట్ల మీద నిలబడి ఎవరికో ఫోను చేసి నాన్నా గెలిచాం అంటోంది. పోలరాజు, చిన్నమ్మి ఆటో కోసం రోడ్డు మీదికి వచ్చారు. బారిడీహ్ వెళ్లే ఆటో ఒకటి నిండిపోయి వెళ్లిపోయింది. రెండోది వచ్చి ఆగేసరికి వరహాలమ్మ వెనక నుంచి వచ్చి, ఎవరినీ అడగకుండా చిన్నమ్మి పక్కన ఎక్కి కూర్చుంది. పోలరాజు డ్రైవరు పక్కన ఒక మూల సర్దుకున్నాడు. సాక్చి గోల్‌చక్కర్ అనే పెద్ద కూడలిని ఆటో దాటింది.

అప్పుడు వరహాలమ్మ ముందుకు వంగింది.

“కోర్టోలు మాటాడొద్దన్నారు, నేపోతే అప్పుడే అడిగుందును,” అంది. “బుర్ర ఎలాగుందిరా?”

పోలరాజు తల వెనక్కి వంచి చూపించాడు. ఆమె ఊగుతున్న ఆటోలో ఒక చేత్తో సీటు ముందరి కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో అతని జుట్టు పాయలు తీసి కుట్ల గుర్తు వెతికింది. దాని మీద వేలు పెట్టి అటూ ఇటూ నిమిరింది.

“పద్నాలుగు, అప్పా,” అన్నాడు.

“తెలుసు. కోర్టులో సదివేరు కదా.” చెయ్యి తీయలేదు. “నొప్పుంటాదా?”

వాన కురిసే ముందు కొంచెం లాగుతుందన్నాడు. ఆవనూనె వెచ్చ చేసి రాయమని ఆమె చెప్పింది. ఆముదం మంచిదని చిన్నమ్మి అంది. ఆముదం జిడ్డని, దాంతో జుట్టు ఊడిపోతుందని వరహాలమ్మ కొట్టిపారేసింది. చిన్నమ్మి ఒప్పుకోలేదు. బారిడీహ్ వచ్చేదాకా ఇద్దరూ అతని నెత్తి గురించి వాదించుకుంటూనే ఉన్నారు. డ్రైవరు మధ్యలో ఒకసారి ఏ నూనె మాట అని హిందీలో అడిగి, తనకు తెలిసిన ఇంకో నూనె పేరు చెప్పాడు.